పాతపటములలో పశ్చిమసీమ
ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల భూచిత్రములు చెప్పు సాక్ష్యము

మన పల్లెలలో పంచాంగము లేని ఇల్లు అరుదు. రాహుకాలమెప్పుడో, వర్జ్యమెప్పుడో, ఏ కార్తెలో ఏ విత్తు వేయవలెనో చూచుకొనక మన రైతు గడప దాటడు. పట్టణపు వర్తకుని గోడకు నాలుగు క్యాలెండర్లయినను వ్రేలాడుచుండును. కాని తన ఊరు, తన వాగు, తన చెఱువు, తన పొలిమేర గుర్తింపబడిన పటము గల ఇండ్లు ఆదవాని ప్రాంతమంతట గాలించినను పట్టుమని పది దొరకునో లేదో! కాలమును గూర్చి ఇంత జాగరూకత గల మనము స్థలమును గూర్చి ఇంత యుపేక్ష వహించుట వింతగా నున్నది.

ఇటీవల మేము ఆదవాని కోటకొండ యెక్కి, వెనుకటి అంగుళపు పటము ప్రతి నొకదానిని, నేటి పటము నొకదానిని బండమీద పరచి, గాలి కెగిరిపోకుండ మూలలకు రాళ్ళుంచి, రెండింటిని సరిపోల్చి చూచితిమి. మాతో వచ్చిన వృద్ధుడైన రైతునకు ఇంగ్లీషు అక్షరములు రావు. అయినను వంకర గీత నొకదానిని వ్రేలితో వెంబడించి, "ఇది మా వాగు గదా స్వామీ! ఇక్కడ మలుపు తిరుగును, ఇక్కడ మా తాతలనాటి బావి" అని ఆయన యిట్టే చెప్పెను. నూఱేండ్ల క్రిందట ఎవడో సర్వేయరు గీచిన గీతను ఆయన పేరు పెట్టి పిలిచెను. ఆ క్షణముననే ఈ వ్యాసము వ్రాయవలెనని మాకు తోచినది.

కొలుచుటకు వచ్చినవారు

ఈ సీమను కొలుచుటకు వచ్చినవారు మన మేలు కోరి రాలేదు. రక్కసి తంగడి యుద్ధము 1565 లో జరిగిన పిమ్మట విజయనగరపు కోటలలో ముఖ్యమైన ఆదవాని బీజాపురమువారి వశమయ్యెను. సిద్ది మసూదుఖాను కాలమున వెలసిన జామియా మసీదు నేటికిని పట్టణమునకు శోభ గూర్చుచున్నది. పదునేడవ శతాబ్ది చివర మొగలులు దీనిని పట్టుకొని ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చిరి. తరువాత నిజాము సోదరుడగు బసాలతుజంగునకు జాగీరయ్యెను. 1786 లో టిప్పుసుల్తాను ముట్టడించి గైకొనెను. తుదకు 1800 లో, తన రక్షణకై నిలిపిన ఇంగ్లీషు సేన ఖర్చుల క్రింద నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి దత్తము చేసెను. ఇచ్చినవాడును ఇక్కడివాడు కాడు, పుచ్చుకొన్నవాడును ఇక్కడివాడు కాడు. నడుమ నలిగినది రైతు.

పుచ్చుకొన్నవారికి తమకు దక్కినదేమో తెలియలేదు. అంతకు పూర్వము రెన్నెల్ మొదలగువారు కూర్చిన హిందూదేశపు పటములు సేనలు నడచిన బాటలను, బాటసారుల చెప్పుకోళ్ళను ఆధారముగా గొని వ్రాసినవి. వానిలో బాట ప్రక్కనున్న ఊరు కనబడును. బాటకు దూరమైన ఊరు లేనట్లే. పన్ను వసూలు చేయుటకు అట్టి పటములు చాలవు గదా! అందుచే మూడు విధములైన కొలతలు ఒకదాని వెంట నొకటి ఈ సీమపైకి వచ్చినవి. వానిని వేఱువేఱుగా తెలిసికొన్నగాని పాతపటము బోధపడదు.

మొదటిది పొలము కొలత. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామసు మన్రో 1802 లో కొలత ప్రారంభింపజేసి 1806 నాటికి ముగించెను. కొలిచినవారు మనవారే, గుమాస్తాలు, కరణములు. వారి చేతి గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరము గుంట. అట్టి గుంటలు నలుబది చేరిన ఎకరము. నేటికిని మన రైతు గుంటల లెక్క చెప్పుచున్నాడనిన ఆ గొలుసు చప్పుడు ఇంకను మన చెవులలో నున్నదన్నమాట. మన్రో న్యాయబుద్ధి గలవాడని పేరు. 1807 లో శిస్తు నాలుగవవంతు తగ్గింపవలెనని ఆయన వ్రాసెను. మంచాల గ్రామపు ఇనామును గూర్చి విచారింప వచ్చిన మన్రోకు రాఘవేంద్రస్వామివారు బృందావనమునుండి దర్శనమిచ్చి మాటాడిరని మంత్రాలయమున ఐతిహ్యము కలదు. ఆ మన్రోయే 1827 జులై 6 వ తేదీన పత్తికొండలో విషూచి సోకి మరణించెను. మనిషి మంచివాడైనను కొలత యుద్దేశము మాత్రము ఒక్కటే; ఏ సెంటు భూమియు పన్ను తప్పించుకొనరాదు.

రెండవది త్రికోణపు కొలత. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10 వ తేదీన చెన్నపురి సమీపముననున్న పరంగిమల యొద్ద ఆధారరేఖను కొలుచుటకు మొదలిడెను. ఒక్క రేఖను మాత్రము నేలపై గొలుసుతో కొలిచి, పిమ్మట కొండనుండి కొండకు దృష్టి సారించి, కోణములను బట్టి దూరములను గణించుట ఈ పద్ధతి. కన్యాకుమారివైపునుండి ఉత్తరముగా సాగిన మహారేఖ మన సీమమీదుగనే పోయినది. 1811 లో గుత్తి సమీపమున లాంబ్టన్ మఱియొక ఆధారరేఖను కొలిచెను. దాని చెంతనున్న నమ్తాబాదు ఆ గణితమున ఒక ముఖ్యస్థానము. భూగోళపు ఆకారమును నిర్ణయించిన లెక్కలలో మన గుత్తిసీమ పల్లె పేరొకటి యుండుట నేటి మన విద్యార్థులలో ఎందఱకు తెలియును?

మూడవది స్థలవర్ణనపు కొలత. ఇదియే నేటి భూచిత్రములకు మాతృక. మైసూరును కొలిచిన కాలిన్ మెకంజీ 1810 లో చెన్నరాజధాని సర్వేయరు జనరలు, 1815 లో హిందూదేశమునకెల్ల సర్వేయరు జనరలు అయ్యెను. ఆయన చేతిక్రింద శిక్షణ పొందినవారు మైసూరునుండి దత్తమండలములకు మరలి, కొండలు, వాగులు, చెఱువులు, కోటలు, బాటలు, ఊళ్ళు పటమున కెక్కించిరి.

కావలి సోదరులు

మెకంజీ పేరు చెప్పి ఊరకుండుట ధర్మము కాదు. ఆయనకు మన భాషలలో దేనియందును ప్రవేశము చాలదు. ఆయన కన్నులు, చెవులు, నాలుక మన తెలుగు బిడ్డలు. కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను సోదరులు. పాతలిపులు చదువుటయందు మేటియగు బొఱ్ఱయ్య 1803 లో పిన్నవయసుననే గతించెను. లక్ష్మయ్య ఆ భారమును వహించి, ఊరూరికి గుమాస్తాలను పంపి, కరణముల కవిలెలు తీయించి, గుడిగోడలపై శాసనములకు నకళ్ళు వ్రాయించి, వృద్ధులు చెప్పిన వృత్తాంతములను కైఫియత్తులుగా కూర్చెను.

మెకంజీ 1821 లో మరణించిన పిమ్మట ఈ సంపద కొంత సముద్రము దాటిపోయినది. మిగిలినది చెన్నపురిలో చెదలపాలు కానుండగా సి.పి. బ్రౌను దొర దానికి నకళ్ళు వ్రాయించి నిలిపెను. పటమును, కైఫియత్తును ప్రక్కప్రక్కన బెట్టుకొని చదువవలెను. పటము ఊరెక్కడ నున్నదో చెప్పును. కైఫియత్తు ఆ యూరెందుకు వెలసెనో చెప్పును. మన దురదృష్టమేమనగా పటము ఒక కచ్చేరిలో, కైఫియత్తు మఱియొక భండారములో నుండగా, రైతు ఈ రెంటికిని దూరముగా నున్నాడు.

పటమును చదువు విధము

1905 లో సర్వేశాఖవారు దేశమంతటికి నూతనపద్ధతిని నిర్ణయించుకొనిరి. దాని ననుసరించి వెలువడిన రంగుల పటములలో అంగుళమునకు ఒక మైలు. ఆదవాని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు 57 ఇ అను సంఖ్యగల డిగ్రీ పటమునకు లోబడినవి. దేశపటమును నాలుగేసి డిగ్రీల గడులుగా విభజించి వానికి అంకెలిచ్చిరి. ఒక్కొక్క గడిని పదునాఱు భాగములు చేసి వానికి ఇంగ్లీషు అక్షరములిచ్చిరి. ఆ భాగమును మరల పదునాఱు తునకలు చేసిన నొక్కొక్క అంగుళపు పటమగును. స్వాతంత్ర్యానంతరము మెట్రిక్ కొలతలు వచ్చిన పిమ్మట రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరుగా పటములు మరల తయారైనవి. అమెరికా సైన్యమువారు 1950 దశాబ్దమున ఇంకను చిన్న ప్రమాణమున అచ్చువేసిన హిందూదేశపు పటములను టెక్సాసు విశ్వవిద్యాలయమువారు లోకమునకెల్ల ఉచితముగా చూపుచున్నారు. మన వాగును మనకు టెక్సాసువారు చూపవలసివచ్చినది!

పటమునందు రంగులకు అర్థము కలదు. సాగుభూమి పసుపు, అడవి ఆకుపచ్చ, ఊళ్ళును బాటలును ఎఱుపు, నీరు నీలము. గోధుమరంగు గీతలు ఎత్తుగీతలు. ఒక గీత వెంట నడచినవాడు ఎక్కడను ఎక్కడు, దిగడు. గీతలు ఒత్తుగా నున్నచోట నేల నిటారు. ఎడముగా నున్నచోట మైదానము. గుడి, మసీదు, కోట, బావి, తపాలాకచ్చేరి, ముసాఫరుఖానా మున్నగు వానికి వేఱువేఱు గుర్తులు గలవు. ఈ పాటి తెలిసికొనుటకు ఒక దినము చాలును. పంచాంగము చదువుట దీనికంటె కష్టము.

ఆదవానివద్ద గోధుమగీతలు ఒకదానిపై నొకటి పడినట్లు ముసురుకొని యున్నవి. అవి కోటకొండలు. అచ్చటనుండి ఉత్తరముగా, ఈశాన్యముగా పోవుకొలది గీతలు విడివడి, పసుపు పఱచినట్లు రేగడి మైదానమగును. మైదానము కొసను తుంగభద్ర. పడమట ఆలూరు సీమ యంచున హగరి, అనగా వేదవతి, తుంగభద్రతో కలియుటకు ఉత్తరముగా పోవుచున్నది. తూర్పున హంద్రి కర్నూలు దిక్కునకు మరలినది. ఈ మూడు నదుల నడుమ చిక్కిన ఎత్తునేల మన పశ్చిమసీమ. మూడు వైపుల నదులుండియు దప్పికతో నున్న సీమ లోకమున అరుదు. కారణమేమో పటమే చెప్పుచున్నది. నదులు పల్లమున నున్నవి, ఊళ్ళు మిఱ్ఱున నున్నవి. పల్లపు నీరు మిఱ్ఱుకు తనంత తాను రాదు.

ఊళ్ళ పేర్లు చెప్పు చరిత్ర

పటములోని పేర్లు వరుసగా చదివిన ఈ సీమ చరిత్ర కొంత తెలియును. దొడ్డనగేరి, హాలహర్వి, హొళగుంద, సంతెకుడ్లూరు, మేళిగనూరు అనునవి కన్నడపు పలుకుబడి గలవి. పెద్దహరివాణము, పెద్దకడుబూరు, దేవనకొండ, గోనెగండ్ల అనునవి తెలుగు. ఎమ్మిగనూరు పేరు వినగానే ఎనుముకు కన్నడపు మాటయగు 'ఎమ్మె' తలపునకు వచ్చును. ఒకే పటమున, ఒకే వాగు గట్టున ఈ రెండు భాషలు పొరుగిండ్లవలె నున్నవి. 1953 అక్టోబరు 1 వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు బళ్ళారి జిల్లాలోని ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు, బళ్ళారి తాలూకా మైసూరునకు చెందెను. ఆదవాని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరినవి. పాతపటముపై 'బళ్ళారి జిల్లా' అని యున్నచోట నేటి పటమున 'కర్నూలు జిల్లా' అని యున్నది. వాగులు మాత్రము తమ జిల్లా మారినదని యెఱుగవు.

నదియొడ్డున, వాగుల యొడ్డున 'దిన్నె' అను మాటతో ముగియు పేర్లు పలుమాఱు కనబడును. నాగలదిన్నె, దైవందిన్నె, గాజులదిన్నె. దిన్నె యనగా మెఱక. వఱద వచ్చిన మునుగకుండ మన పూర్వులు మెఱక చూచి ఇల్లు కట్టిరి. ఆ వివేకమును పేరులో దాచిరి. ఇంగ్లీషు సర్వేయరు ఆ పేరును తన లిపిలో వ్రాసినపుడు సగము చెడినది. ఆదవాని 'అదోని'యై, తుదకు మన నోట 'ఆదోని'గా స్థిరపడినది. పటము కంటె బలమైనది ప్రజల నోరు అనుటకు నిదర్శనము లేకపోలేదు. పటములన్నియు 'దత్తమండలములు' అని మొత్తుకొనుచుండగా, 1928 నవంబరులో నంద్యాల ఆంధ్రమహాసభ సందర్భమున చిలుకూరి నారాయణరావు గారు సూచించిన 'రాయలసీమ' అను పేరు నిలిచినది గదా!

పాతపటమున ఎమ్మిగనూరు ఒక చిన్న యెఱ్ఱని మచ్చ. మగ్గముల చప్పుడు పటమున కెక్కదు. మాచాని సోమప్ప గారు 1938 లో చేనేత సహకార సంఘమును నెలకొల్పిన పిమ్మట ఆ మచ్చ విస్తరించినది. ఆయన సేవకు 1954 లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆదవానివద్ద రైలుమార్గము నల్లని గీతగా కనబడును. 1871 నాటికి చెన్నపురి రైలు గుంతకల్లు, ఆదవాని మీదుగా తుంగభద్ర దాటి రాయచూరున బొంబాయి రైలును కలిసినది. ఆ గీత వచ్చినది గనుకనే ఆదవాని ప్రత్తికి బొంబాయి దగ్గరయ్యెను. ఊళ్ళు పెరుగుటకు, తరుగుటకు గల కారణములు రెండు కాలముల పటములను పోల్చినగాని తెలియవు.

ఒక గోధుమగీత చేసిన పని

1876 నుండి 1878 వరకు ఈ సీమను దహించిన ధాతు కరువు కథలు మా బాల్యమున పెద్దలనోట వినియున్నాము. తుంగభద్రను కట్టి ఈ మెట్టలకు మళ్ళింపవలెనని 1860 ప్రాంతముననే ఆర్థర్ కాటన్ తలపెట్టెను. తలపు కార్యమగుటకు ఎనుబదియైదేండ్లు పట్టెను. 1945 లో హోస్పేట చెంత ఆనకట్టకు శంకుస్థాపన జరిగి 1953 లో నీరు వచ్చినది. అందుండి వెడలిన దిగువకాలువ సుమారు 350 కిలోమీటర్లు పాఱి బళ్ళారి, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములకు నీరందించుటకు ఏర్పడినది.

ఈ కాలువను పటముపై వెంబడించి చూడుడు. అది సూటిగా పోదు. ఒక గుట్టను చుట్టి, ఒక లోయ మొదటికి పోయి, మరల వెనుకకు మరలి, పాము వలె ప్రాకును. నేల ఎత్తుగీతను విడువక, మెల్లమెల్లగా దిగుచు పోవలసియున్నందున దాని కా వంకరలు తప్పవు. ఆ గీతకు దిగువనున్న పొలము తరి. ఎగువనున్న పొలము మెట్ట. ఒకే యూరిలో అన్న పొలము కాలువక్రింద, తమ్ముని పొలము కాలువమీద. అన్న వరి నాటెను, తమ్ముడు సుగ్గికి గుంటూరు మిరపతోటలకు వలస పోయెను. జాతకములు వేఱుగాను నడచినవనిన ఆ భేదము గ్రహములది కాదు, గోధుమగీతది.

కాలువక్రింద నున్నవారికిని సుఖము పూర్తిగా లేదు. కాలువ కొసకు నీరు చేరుట కష్టమని ఎమ్మిగనూరు, కోడుమూరు దిక్కు రైతుల మొఱ నాటినుండి నేటివఱకు ఆగలేదు. నీరెందులకు తగ్గినదో తెలిసికొనుటకును కొలతయే ఆధారము. జలాశయము కట్టిననాడు దానిలో సుమారు 133 టి.ఎం.సి.ల నీరు నిలుచునని లెక్క. అడుగున పూడిక చేరగా, ఇటీవలి కొలతలలో ఆ లెక్క సుమారు 105 కు దిగినది. నీటి యడుగునగూడ ఎత్తుగీతలు గీచి చూచినందుననే ఈ నష్టము బయటపడినది. గీత గీయనిచో మనము కొసరైతు ఎగువరైతును, ఎగువరైతు కొసరైతును తిట్టుకొనుచు కూర్చుండెడివారము. 2024 ఆగస్టులో ఆ ఆనకట్ట తూములలో 19 వ దాని తలుపు కొట్టుకొనిపోయినపుడు ఈ సీమ గుండె ఝల్లుమన్నది. ఆదవాని పట్టణము త్రాగు నీరుగూడ ఆ కాలువదే గదా!

నల్లగీతల హెచ్చరిక

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చెదము. పటమున నీరు నీలమని చెప్పితిమి. కాని మన ప్రాంతపు పటము తెఱచిన, తుంగభద్రను, చెఱువులను, కాలువను విడిచిన నీలము మిక్కిలి తక్కువ. వాగులన్నియు నల్లగీతలు. సంవత్సరమున పెక్కునెలలు ఎండియుండు వాగును నల్లగీతతో చూపుట సర్వేవారి మర్యాద. కొండలనుండి దిగి, పాయలు కలిసికొనుచు, వేపచెట్టు వేళ్ళవలె ఆ నల్లగీతలు మైదానమంతట అల్లుకొనియున్నవి.

నల్లగీత యనిన నీరు లేనిదని మనము భ్రమపడితిమి. ఎండిన వాగు పోరంబోకు, అడుగువారు లేరు. ముందు ఒకడు గట్టు దున్నెను. రెండవవాడు కళ్ళమునకు చదును చేసెను. మూడవవాడు రాళ్ళు పాతి ఇండ్లస్థలములుగా అమ్మెను. ఇది పరులను నిందించుటకై చెప్పుట లేదు. మా బంధువొకరు ఈ ప్రాంతపు పట్టణమొకదానిలో ఇంటిస్థలము కొనదలచి మమ్ము సలహా యడిగిరి. కాగితములు చూచితిమి, సరిగా నున్నవి. దారి వెడల్పు చూచితిమి; బాగుగా నున్నది. కొనుమని చెప్పితిమి. ఇల్లు లేచినది, గృహప్రవేశమైనది, భోజనములు చేసితిమి. మూడవయేట ఒక ఆశ్వయుజపు రాత్రి మోకాలి లోతు నీరు వాకిట నిలిచి, ధాన్యపు బస్తాలు తడిసి, పిల్లలను మంచములపై కూర్చుండబెట్టుకొని వారు తెల్లవార్లు జాగరణము చేసిరి. ఆ తరువాత మేము పాతపటము తెప్పించి చూచితిమి. ఆ ఇంటి వంటగది మీదుగా, ఎవరో రూళ్ళకఱ్ఱ పెట్టి తీర్చినట్లు, నల్లగీత పోవుచున్నది. పటము ముందే చూచియుండవలసినది. దేశభాషలలో ఇన్ని గ్రంథములు చదివి, ఇంగ్లీషున పట్టము పుచ్చుకొని, ఇన్ని సంపాదకీయములు వ్రాసిన మాకు ఆ మాత్రము తోచలేదు. ఆ బంధువు మమ్ము ఒక్కమాట యనలేదు. అనకపోవుటయే మాకు శిక్షయైనది.

చిన్నవాగు ఇంత చేసిన పెద్దనది ఎంత చేయదు! 2009 సెప్టెంబరు కడపటను, అక్టోబరు మొదటను తుంగభద్ర పొంగినపుడు మంత్రాలయము నీట మునిగినది. నాగలదిన్నె వంతెన కొట్టుకొనిపోయి ఆవలియొడ్డుతో సంబంధము తెగినది. దిగువన కర్నూలు పట్టణము, హంద్రి తుంగభద్రలు కలియుచోటు గనుక, ఇంటిమిద్దెల దాక మునిగినది. వఱద తీసిన పిమ్మట అందఱును 'ఊహింపరాని విపత్తు' అనిరి. వఱద ఎంత వచ్చునో ముందు చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు, నిజమే. కాని వచ్చిన నీరు ఏ పల్లమునకు పోవునో పటముమీది గోధుమగీతలు ఏనాడో చెప్పియున్నవి. దిన్నెయనుకొన్నది గూడ చాలని వఱదలుండునని నాగలదిన్నె మనకు నేర్పినది. అట్లయిన పల్లమున కట్టినవాని గతి యేమి?

చెఱువుల సంగతియు నిట్టిదే. పాతపటమున నీలపు చంద్రవంకలవలె నున్న కుంటలు కొన్ని నేటి పటమున లేవు. కుంట పోయిన ఆ నీరు పోలేదు. దారి మార్చుకొని మఱియొకని వాకిట చేరినది. కుంట పోయిన చుట్టుప్రక్కల బావుల నీరు దిగినది. ఆదవాని కొండల అడుగునున్న రాంజల వంటి చెఱువులను నిలుపుకొన్న తరముల వివేకము, వానికి వచ్చు కాల్వలను మూసివేసిన తరముల అవివేకము, ఈ రెండును రెండు పటములను ఒకదానిమీద నొకటి పెట్టి చూచువారికి దాగవు.

పటములు ఎవరివి?

భూచిత్రములు చాలకాలము సేనాధిపతుల, కలెక్టర్ల సొత్తుగా నుండెను. అడిగినవానిని అనుమానించుట రివాజు. ఆ రివాజు కొంత సడలినది. 2005 నాటి జాతీయ పట విధానము సైన్యమునకు వేఱు, ప్రజలకు వేఱు పటముల వరుసలను ఏర్పఱచినది. 2017 లో సర్వేశాఖవారు ప్రజల వరుస పటములను ఇంటర్నెట్టున ఉచితముగా నొసగిరి. 2021 ఫిబ్రవరి నాటి నిబంధనలు పెక్కు ఆంక్షలను తొలగించినవి. 2020 డిసెంబరులో రాష్ట్రమున భూముల పునస్సర్వే ప్రారంభమై డ్రోనులు మన పొలముల మీద ఎగిరినవి. మన్రో గొలుసు తిరిగిన నేలమీద నేడు ఆకాశమునుండి కొలత జరుగుచున్నది. సాధనము మారినది, రైతు సందేహము మారలేదు. "నా గట్టు నాకుండునా?" అని అప్పుడడిగెను, ఇప్పుడును అడుగుచున్నాడు.

ఆ సందేహము తీరవలెననిన పటము రైతు కంటబడవలెను. గ్రామపు నక్ష, పొలపు కొలత పుస్తకము, సర్వేవారి భూచిత్రము, ఈ మూడును కచ్చేరి బీరువాలలో మాత్రముండిన చాలదు. ఆదవాని, ఎమ్మిగనూరు గ్రంథాలయములలో ఈ సీమ పాతపటముల ప్రతులు, క్రొత్త పటముల ప్రతులు గోడలకు తగిలింపవలెను. పేర్లు తెలుగు లిపిలో, అవసరమగుచోట కన్నడ లిపిలోగూడ వ్రాయవలెను. ఊళ్ళలోని వృద్ధులను కూర్చుండబెట్టి, పటమునకెక్కని వాగుల పేర్లు, కుంటల పేర్లు, పాడుపడిన పల్లెల పేర్లు వ్రాసికొనవలెను. కావలి సోదరులు గుఱ్ఱములు, డోలీలు తప్ప వాహనములు లేని కాలమున చేసినపనిలో నూఱవవంతు నేటి మన కళాశాలల పిల్లలు ఒక వేసవిలో చేయగలరు. ఇల్లు కట్టుటకు అనుమతి యిచ్చు పురపాలకులు ముందు పాతపటమున నల్లగీత యున్నదేమో చూచి పిమ్మట సంతకము చేయుట నియమము కావలెను. స్థలము కొనువారు కాగితములతోపాటు పటమునుగూడ అడుగుట అలవాటు చేసికొనవలెను. ఈ మాట మేము అనుభవముమీద చెప్పుచున్నాము.

నాడు పటము గీచినవారు మన భూమినుండి తమకు రావలసినదెంతో తెలిసికొనుటకు గీచిరి. ఆ పటమునే చేతబట్టి మన భూమికి మనము చేయవలసినదెంతో తెలిసికొనవచ్చును. శత్రువు వదలిపోయిన కత్తితో కూరగాయలు తరిగికొనుట తప్పుగాదు.

కొండ దిగునపుడు ఆ వృద్ధుడు మా పటమును మడచి యిచ్చుచు, "దీని ప్రతి యొకటి నాకు తెప్పించి పెట్టెదరా?" అని యడిగెను. చదువురానివానికి పటమెందుకని మేము నవ్వలేదు. "నా మనుమడు వాగు ప్రక్క సెంట్లు కొనెదనని తిరుగుచున్నాడు, వానికి చూపవలెను" అనెను. ప్రతి తెప్పించి పంపితిమి. ఆ మనుమడు కొనెనో మానెనో ఇంకను మాకు జాబు రాలేదు.